మందు రక్తంలో ఎక్కడ కూర్చుంటుంది?

ముందుగా ఒక మనవి. నేను డాక్టర్ని కాను. ఆస్ట్రేలియాలో ఇంజినీరింగు మాస్టర్స్ చేసి, ఎనిమిదేళ్ళుగా కౌలాలంపూరు పక్కన సైబర్‌జయాలో సాఫ్ట్‌వేరు రాసుకుంటున్నవాణ్ణి. ఈ వ్యాసంలో ఉన్నదంతా ఆసుపత్రి మంచం మీద మూడు రోజులు, ఆ తరువాత ఇంట్లో మూడు వారాలు చదివి, తెలిసిన డాక్టర్లను విసిగించి తెలుసుకున్న సంగతులు. దీన్ని చూసి మందులు మార్చుకోవడం, మానుకోవడం చెయ్యకండి. డాక్టరు చెప్పిన మాట అర్థం చేసుకోవడానికి పనికొస్తే చాలు.

పోయినేడు ఆఫీసు మిత్రులం ఆరుగురం పహాంగ్ రాష్ట్రంలో అడవి అంచున రెండు రాత్రులు గుడారాలు వేసుకుని ఉన్నాం. సాయంత్రం వాగు ఒడ్డున మాగీ వండుకుంటుంటే పైన చెట్ల మీద కోతులు. పిల్లలకి చూపించాలని బోలెడు ఫోటోలు తీశాను. తిరిగొచ్చిన పదకొండో రోజున చలి, ఒళ్ళునొప్పులు, 39.5 జ్వరం. మొదట వెళ్ళిన క్లినిక్‌లో (పేరు అనవసరం) రక్తం తీసి, ప్లేట్‌లెట్లు తక్కువున్నాయి కాబట్టి డెంగీ అన్నారు. ఈ దేశంలో జ్వరం, ప్లేట్‌లెట్ల తగ్గుదల రెండూ కలిసొస్తే ఎవరికైనా ముందు తట్టేది డెంగీయే, వాళ్ళని పెద్దగా తప్పు పట్టలేను. కానీ డెంగీ ఎన్.ఎస్.1 పరీక్ష నెగటివ్ వచ్చింది. అడవికి వెళ్ళారా అని అక్కడ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నాలుగో రోజుకి ప్లేట్‌లెట్లు 48 వేలకి పడిపోయాయి. అప్పుడు మా ఆవిడ పట్టుబట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "ఈ నెలలో అడవికి గానీ, తోటలకి గానీ వెళ్ళారా?" అరగంటలో వేలి రక్తం గాజు పలక మీద మైక్రోస్కోపు కిందికి వెళ్ళింది. మలేరియా! అదీ కోతుల మలేరియా. ప్లాస్మోడియం నోలెసి అని తరువాత పి.సి.ఆర్.లో తేలింది.

ఈ వ్యాసం ఆ జబ్బు గురించి కాదు, దానికి ఇచ్చిన మందు గురించి. అయినా జబ్బు సంగతి రెండు ముక్కల్లో చెప్పకపోతే మందు కథ అతకదు.

కోతి నుంచి మనిషికి

మలేషియాలో మనుషుల మధ్య దోమల ద్వారా తిరిగే మామూలు మలేరియా, అంటే స్థానికంగా అంటుకున్న కేసులు, 2018లో సున్నాకి వచ్చాయి. తరువాతి ఏళ్ళలో కూడా ఆ సున్నా నిలబడింది. కానీ పొడుగు తోక కోతులూ, పంది తోక కోతులూ మోసే నోలెసి మలేరియా మాత్రం ఏటా వేల మందికి సోకుతోంది. సబా, సరవాక్‌లలో ఎక్కువ, ఇటు పహాంగ్, కెలంతాన్ వైపు కూడా ఉంది. కొందరు చనిపోతున్నారు కూడా. మిగతా మలేరియాలు రెండు, మూడు రోజులకొకసారి రక్తంలో రెట్టిస్తే, ఇది 24 గంటలకే రెట్టిస్తుంది. అందుకే ఒక్కరోజు ఆలస్యానికి కూడా ఖరీదుంటుంది.

పేరు వెనక ఉన్న రాబర్ట్ నోల్స్ కలకత్తా వైద్యుడు. ఆయన, బి.ఎం. దాస్‌గుప్తా కలిసి 1932లో కోతి రక్తంలోని ఈ పరాన్నజీవి మనుషులకు అంటగలదని ప్రయోగం చేసి చూపించారు. సహజంగా మనిషికి సోకిన మొదటి కేసు 1965లో బయటపడింది. అతనొక అమెరికన్ సర్వేయరు, సోకిన చోటు (ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది) పహాంగ్! తరువాత దాదాపు నలభై ఏళ్ళు అదొక వింత కేసుగానే మిగిలిపోయింది. 2004లో సరవాక్ విశ్వవిద్యాలయానికి చెందిన బల్బీర్ సింగ్, జానెట్ కాక్స్-సింగ్ బృందం కపిట్ ప్రాంతంలో 208 మంది మలేరియా రోగుల రక్తాన్ని డి.ఎన్.ఏ. పద్ధతిలో పరీక్షిస్తే 120 మందిలో ఇదే దొరికింది. మైక్రోస్కోపు కింద ఇది వేరే మలేరియాలా కనిపించి ఇన్నాళ్ళూ అందరినీ మోసం చేసిందన్నమాట. అన్నట్టు, దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న.

నూనె తినమన్న నర్సు

నాకు ఇచ్చిన మాత్రల పేరు రియామెట్. ఒక్కో మాత్రలో ఆర్టిమెథర్ 20 మి.గ్రా., లూమెఫాంట్రిన్ 120 మి.గ్రా. ఉంటాయి. ఒక్కసారికి నాలుగు మాత్రలు. మొదటి డోసు తరువాత 8 గంటలకి రెండోది, ఆ తరువాత రెండు రోజులు పూటకొకటి. మొత్తం ఆరు డోసులు, 24 మాత్రలు.

నాకేమో నోట్లో మెతుకు పెట్టుకోబుద్ధి కావడం లేదు. రాజమండ్రి నుంచి అమ్మ ఫోన్‌లో, "ఏరా నాన్నా, జ్వరంలో ఏమీ తినకురా, లంఖణం పరమౌషధం. కాస్త జావ తాగి పడుకో," అంటోంది. మాత్రలు తెచ్చిన నర్సు మాత్రం కదలదు. "మకాన్ దులు," అంటుంది. ముందు తిను అని. సరే కదా అని రెండు బిస్కెట్లు కొరికి చూపిస్తే తల అడ్డంగా ఊపింది. కొవ్వున్నది తినాలట! పాలు, గుడ్డు, నాసి లెమాక్, ఏదైనా సరే. జ్వరం వచ్చినవాడికి కొబ్బరిపాల అన్నం తినమని చెప్పే ఆసుపత్రిని నేనెప్పుడూ చూడలేదు. ఆఖరికి మా ఆవిడ కింద దుకాణం నుంచి సోయా పాలు తెచ్చింది. అవి తాగి మాత్రలు వేసుకున్నాను. గంటలోపు కక్కితే డోసు మళ్ళీ వేసుకోవాలని నర్సు గడియారం చూసుకుని మరీ వెళ్ళింది.

అమ్మకి సర్దిచెప్పడం కోసం, "ఎందుకు?" అని డాక్టర్ని అడిగాను. ఆయన నవ్వి, "ఈ మందు నీళ్ళలో కరగదు. పేగు దాటాలన్నా కొవ్వు కావాలి, రక్తంలో తిరగాలన్నా కొవ్వు మోసే బండి కావాలి," అన్నాడు. ఆ రెండో ముక్క నా బుర్రలో ఇరుక్కుపోయింది. ఆసుపత్రిలో వైఫై బావుంది, నాకు వేరే పనీ లేదు. మొదలుపెట్టాను.

మొదటి ముక్క సులువైనదే. లూమెఫాంట్రిన్‌ను వెన్నపూసలా ఊహించుకోండి. ఖాళీ కడుపులో, అంటే వట్టి నీళ్ళలో, అది ముద్దగా ఉండిపోయి బయటికి పోతుంది. ఆహారంలో కొవ్వు ఉంటే పైత్యరసం ఊరుతుంది. అది కొవ్వునీ మందునీ కలిపి చిన్న చిన్న తుంపరలుగా విడగొడుతుంది. అప్పుడు పేగు గోడ దాటుతుంది. కొవ్వు బాగా ఉన్న భోజనంతో వేసుకుంటే ఖాళీ కడుపుతో పోలిస్తే లూమెఫాంట్రిన్ సుమారు 16 రెట్లు ఎక్కువగా రక్తంలోకి చేరుతుంది. ఆర్టిమెథర్ రెండు మూడు రెట్లు. మరి జ్వరంలో అంత భోజనం ఎవడు తినగలడు? ఈ ప్రశ్న వేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. 2007లో అచ్చయిన ఒక పరిశోధనలో, 36 మిల్లీలీటర్ల సోయా పాలు, అంటే 1.2 గ్రాముల కొవ్వు, చాలని తేల్చారు. అర లీటరు సోయా పాలతో వచ్చే ఫలితంలో 90 శాతం దానితోనే వస్తుందట. రెండు మూడు గుక్కలు! అమ్మకి ఇదే చెప్పాను. "సోయా పాలేమిటో గానీ, చెంచాడు నెయ్యి వేసుకుంటే సరిపోదూ?" అంది. నిజానికి అమ్మ లెక్కే సరిగ్గా ఉంది. ఏ కొవ్వయినా కొవ్వే.

బస్సులు, ప్రయాణికులు

ఇక రెండో ముక్క. మనలో ఉండే సుమారు 5 లీటర్ల రక్తంలో కాస్త తక్కువ సగం, 45 శాతం దాకా, కణాలు, అందులో దాదాపు అన్నీ ఎర్రకణాలే. మిగతాది ప్లాస్మా, అంటే ప్రోటీన్లు కలిసిన ఉప్పునీరు. రక్తంలోకి వచ్చిన మందుకి మూడు చోట్లున్నాయి: ప్లాస్మా నీళ్ళలో ఒంటరిగా తేలడం, ప్లాస్మా ప్రోటీన్లను పట్టుకుని వేలాడడం, ఎర్రకణాలలోకి దూరడం.

ప్రోటీన్లలో మందులకు సంబంధించినంతవరకు ముఖ్యమైనవి మూడు రకాలు. అందరికీ తెలిసినది అల్బుమిన్. లీటరుకి 35 నుంచి 50 గ్రాములుంటుంది, ముఖ్యంగా ఆమ్ల స్వభావమున్న మందులు దీన్ని పట్టుకుంటాయి. రెండోది ఆల్ఫా-1 ఆసిడ్ గ్లైకోప్రోటీన్. పేరు పొడుగు, పరిమాణం తక్కువ, లీటరుకి ఒక గ్రాము అటూ ఇటూ. క్షార స్వభావమున్న మందులకి ఇది ఆసరా. మూడోవి లైపోప్రోటీన్లు, మన కొలెస్టరాల్ రిపోర్టుల్లో కనిపించే హెచ్.డి.ఎల్., ఎల్.డి.ఎల్.లే. నూనె స్వభావమున్న మందులకు ఇవే బళ్ళు.

నేను మింగిన రెండు మందుల సంగతి నోవార్టిస్ పరిశోధకులు 1999లో ప్రచురించారు. ప్రయోగశాలలో మనిషి రక్తంతో చూస్తే ఆర్టిమెథర్ 95.4 శాతం, లూమెఫాంట్రిన్ 99.7 శాతం ప్రోటీన్లకు అతుక్కుని ఉన్నాయి. ఆర్టిమెథర్ నలుగురి దగ్గరా తల దాచుకుంటుంది: గ్లైకోప్రోటీన్, అల్బుమిన్, లైపోప్రోటీన్లు అన్నిటి మీదా కాస్త కాస్త. లూమెఫాంట్రిన్ మాత్రం ముప్పాతిక వంతు దాకా హెచ్.డి.ఎల్. మీదే. రెండిటిలోనూ ఎర్రకణాలలో చేరినది స్వల్పభాగమే.

దీన్నెలా కొలుస్తారో చెప్పాలి, ఇంజినీర్లకు నచ్చుతుంది. ఒక పెట్టెను సన్నటి పొరతో రెండు గదులు చేస్తారు. ఆ పొరలోంచి మందు అణువు దూరగలదు, ప్రోటీన్ దూరలేదు. ఒక గదిలో మందు కలిపిన ప్లాస్మా, రెండో గదిలో వట్టి ఉప్పునీరు పోసి గంటల తరబడి వదిలేస్తారు. ఒంటరిగా తేలే మందు రెండు గదుల్లోనూ సమానమయ్యే దాకా అటూ ఇటూ తిరుగుతుంది. చివరికి ఉప్పునీటి గదిలో ఎంతుందో అదే స్వేచ్ఛగా ఉన్న మందు. రెండో గదిలో అంతకన్నా ఎంత ఎక్కువుందో అది అతుక్కున్న మందు. ఎర్రకణాలకైతే రక్తంలో మందు కలిపి, ఒంటి వేడికి ఉంచి, గిరగిరా తిప్పి కణాలను అడుక్కి దించి, మొత్తం రక్తంలో ఎంత, పైన తేరిన ప్లాస్మాలో ఎంత అని చూస్తారు. మందు ఎర్రకణాలలోకి అస్సలు పోకపోతే రక్తంలోని గాఢత ప్లాస్మాలో ఉన్నదానిలో 0.55 వంతు ఉండాలి, ఎందుకంటే 45 శాతం చోటు కణాలదే కదా. ఈ నిష్పత్తి ఒకటి దాటిందంటే ఆ మందు ప్లాస్మా కన్నా ఎర్రకణాలనే ఎక్కువ ఇష్టపడుతోందని లెక్క.

99.7 శాతం చూడగానే నాకు వచ్చిన ఆలోచన మీకూ వచ్చే ఉంటుంది. వెయ్యి అణువుల్లో 997 వేలాడుతూ ఉంటే పనిచేసేవి మూడేనా? మిగతాది దండగేనా? మరునాడు డాక్టర్ని ఇదే అడిగాను. ఆయన బస్సు ఉదాహరణ చెప్పాడు. బస్సులో కూర్చున్నవాడు మస్జిద్ ఇండియా బజారులో చీర బేరం ఆడలేడు, దిగాలి. నిజమే, పని చేసేది దిగినవాళ్ళే. కానీ దిగినవాళ్ళు దుకాణాల్లోకి వెళ్ళిపోగానే బస్సులోంచి ఇంకొందరు దిగుతారు. అతుక్కోవడం జిగురు పెట్టి అంటించినట్టు కాదు. అణువు పట్టుకుంటుంది, వదులుతుంది, క్షణానికి ఎన్నోసార్లు. నిష్పత్తి మాత్రం నిలబడుతుంది. కాబట్టి ప్రోటీన్ల మీదున్నది గోదాములో సరుకు, పారబోసినది కాదు. డోసు నిర్ణయించిన వాళ్ళు ఈ లెక్కంతా కలుపుకునే నిర్ణయించారు. ఒక మందు 99 శాతం, ఇంకోటి 50 శాతం అతుక్కుంటుంది కాబట్టి రెండోదే గట్టిదనుకోవడం పొరపాటు.

నా మాత్రలో ఇద్దరు భాగస్వాములు ఎందుకో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఆర్టిమెథర్, కాలేయంలో దాని నుంచి తయారయ్యే డైహైడ్రో ఆర్టిమిసినిన్, రెండూ గంటల్లో వచ్చి గంటల్లో పోతాయి. ఆ కాస్త సేపట్లోనే పరాన్నజీవుల్లో అధికభాగాన్ని చంపేస్తాయి. లూమెఫాంట్రిన్ కొవ్వు బళ్ళ మీద రోజుల తరబడి తిరుగుతుంది, ప్రతి మూడు నుంచి ఆరు రోజులకి సగమవుతూ. మిగిలిన వాటిని ఏరిపారేసేది అదే. ఫాల్సిపారం మలేరియా మీద పరిశోధనలు చేసేవాళ్ళు ఏడో రోజున రక్తంలో లూమెఫాంట్రిన్ ఎంత మిగిలిందని కొలుస్తారు. ఆ అంకె మరీ తక్కువుంటే జ్వరం తిరగబెట్టే అవకాశం ఎక్కువ. మూడో రోజుకే కులాసాగా ఉందని ఆఖరి డోసు ఖాళీ కడుపున మింగేవాళ్ళు, లేదా మానేసేవాళ్ళు, పోగొట్టుకునేది ఈ తోకనే.

"వేరే మందు వచ్చి ఈ బస్సు సీట్లు లాక్కుంటే? 99.7 కాస్తా 99.4 అయితే స్వేచ్ఛగా ఉన్నది రెట్టింపు కదా!" అని కూడా అడిగాను. (సాఫ్ట్‌వేరు వాళ్ళకి ఎడ్జ్ కేసుల పిచ్చి.) కాగితం మీద రెట్టింపేనట. కానీ ఎక్కువ దిగితే కాలేయం కూడా ఎక్కువ ఊడ్చేస్తుంది కాబట్టి చాలా మందుల విషయంలో కాస్సేపట్లో సర్దుకుంటుందట. ఈ మాత్రలతో అసలు చూసుకోవలసింది గుండె లయను మార్చే ఇతర మందులు, కాలేయంలో అదే ఎంజైమును వాడే మందులు. అందుకే ఇంట్లో వేసుకునే ప్రతి మాత్ర పేరూ చెప్పమని మొదటి రోజే అడిగారు.

ఎర్రకణమే గమ్యమైతే

మామూలు మందులకు ఎర్రకణం దారిలో తగిలే ఒక మజిలీ. మలేరియా మందుకి అదే గమ్యం. పరాన్నజీవి దాని లోపలే కాపురం పెట్టి, హీమోగ్లోబిన్ తింటూ పెరుగుతుంది. తినగా మిగిలే హీమ్ దానికి విషం. అందుకని ఆ హీమ్‌ను పలుకులుగా గట్టిపరిచి ఒక ఆమ్లపు సంచిలో దాచుకుంటుంది.

ఇక్కడ పాత మందు క్లోరోక్విన్ అసాధ్యుడు. ప్లాస్మా ప్రోటీన్లకు అతుక్కునేది సగం కన్నా కాస్త ఎక్కువే, కానీ కణాలంటే దానికి మహా ఇష్టం. మొత్తం రక్తంలో గాఢత ప్లాస్మాలో కన్నా అనేక రెట్లు ఉంటుంది. పరాన్నజీవి ఉన్న ఎర్రకణంలోనైతే వందల రెట్లు పోగవుతుంది. కారణం క్షార స్వభావం. ఆమ్లపు సంచిలోకి వెళ్ళగానే దానికి విద్యుదావేశం వచ్చి, పొర దాటి వెనక్కి రాలేక చిక్కుకుపోతుంది. ఎలుకల బోనులాగ, లోపలికి దారి ఉంది, బయటికి లేదు. అక్కడ హీమ్‌ను పట్టుకుని పలుకు కట్టనివ్వదు. పరాన్నజీవి తన ఎంగిలి విషంతో తనే చస్తుంది. ఆర్టిమిసినిన్ జాతి మందులు కూడా హీమ్‌లోని ఇనుము తగలగానే పేలే రకం. జబ్బు లేని ఎర్రకణంలో పెద్దగా చేరని డైహైడ్రో ఆర్టిమిసినిన్, జబ్బున్న కణంలో అనేక రెట్లు పోగవడం ప్రయోగాల్లో కనిపించింది.

ఒక చిన్న చిక్కు కూడా ఉంది. క్లోరోక్విన్ ప్లేట్‌లెట్లలో, తెల్లకణాలలో కూడా బాగా పోగవుతుంది. రక్తాన్ని గడ్డ కట్టనిచ్చి సీరం తీస్తే, గడ్డ కట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు మందును వదిలేస్తాయి, అంకె పెరుగుతుంది. గడ్డ కట్టకుండా ప్లాస్మా తీస్తే ఒక అంకె, మొత్తం రక్తం చూస్తే ఇంకో అంకె. ఒకే మనిషి, ఒకే క్షణం, మూడు ఫలితాలు! పాత పరిశోధనా పత్రాలు చదివేటప్పుడు ఏ గొట్టంలో తీశారో చూడకుండా అంకెలు పోల్చకూడదని నాకు అప్పుడు అర్థమైంది.

క్లోరోక్విన్ నోలెసి మీద ఇప్పటికీ పనిచేస్తుంది. సబాలో చేసి 2016, 2018లలో ప్రచురించిన పరీక్షల్లో ఆర్టిమిసినిన్ జంట మందులు దానికన్నా త్వరగా రక్తాన్ని శుభ్రం చేశాయి. 24 గంటల్లో రెట్టించే జబ్బుకి త్వరే ప్రాణం కాబట్టి మలేషియాలో ఇప్పుడు జంట మందే ముందు ఇస్తారు. ఫాల్సిపారం మీదైతే క్లోరోక్విన్ ఎప్పుడో ఓడిపోయింది. మలయాలో అది లొంగని ఫాల్సిపారం సంగతి 1963లోనే రాశారు. అంతకు ముందు ప్రోగ్వానిల్‌కి లొంగని సంగతి 1950లో. మొండికేసిన ఫాల్సిపారం చేసిన పని చూడండి: మందు ఎప్పటిలాగే ఎర్రకణంలోకి వస్తుంది, కానీ ఆ ఆమ్లపు సంచి గోడలో ఒక తలుపు మారి, బోనులో పడ్డది బయటికి పోవడం మొదలైంది.

తోటల్లో క్వినైన్

క్లోరోక్విన్ కన్నా ముందు క్వినైన్, మన పెద్దవాళ్ళ నోట్లో కొయినా. ఉగాది సంబరాల్లో కలిసిన బగాన్ డాటో ప్రాంతపు పెద్దాయనొకరు, నా మలేరియా సంగతి విని పెద్దగా నవ్వి, తన చిన్నతనపు కథ చెప్పారు. ఆయన తాతగారు విశాఖ వైపు నుంచి కొబ్బరి తోటలో పనికి వచ్చారట. పొద్దున్నే హాజరు వేసేటప్పుడు వరసలో నిలబెట్టి కొయినా పోసేవారట. మింగి నోరు తెరిచి చూపించాలి. "చేదు చూసి కొందరు బుగ్గన దాచి చెట్టు మొదట్లో ఊసేవాళ్ళు బాబూ. ఊసినవాళ్ళలో ఎందరు మిగిలారో ఆ దేవుడికే ఎరుక," అన్నారు. ఆ రోజుల్లో ఈ తోటల్లో జ్వరాలు తోటలకు తోటలనే ఖాళీ చేశాయి. మాల్కం వాట్సన్ అనే డాక్టరు 1901 నుంచి క్లాంగ్, పోర్ట్ స్వెటెన్‌హామ్ (ఇప్పటి పోర్ట్ క్లాంగ్) ప్రాంతాల్లో మురుగు కాలవలు తవ్వించి దోమలను అదుపు చేశాడు. తోటల కూలీలకి క్వినైన్ పంచడమూ చేశాడు. కౌలాలంపూరులో ఇప్పటికీ ఉన్న వైద్య పరిశోధనా సంస్థ 1900లో మొదలైంది.

క్వినైన్ గురించి నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. అది ఎక్కువగా పట్టుకునేది ఆ పొడుగు పేరు గ్లైకోప్రోటీన్‌ను. ఒంట్లో జబ్బు రాగానే కాలేయం ఆ ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. ఆరోగ్యవంతుల్లో క్వినైన్ నూటికి 80 దగ్గర అతుక్కుని ఉంటే, తీవ్రమైన మలేరియాలో 90 దాటుతుంది. అంటే జబ్బే వచ్చి బస్సులు పెంచుతుందన్నమాట. కాబట్టి రోగి రక్తంలో మొత్తం క్వినైన్ అంకె చూస్తే భయం వేసేలా ఉండొచ్చు, స్వేచ్ఛగా తిరిగేది మాత్రం అంత ఉండదు. అదే అంకె, జబ్బు లేకుండా పొరపాటున ఎక్కువ మింగినవాడిలో కనిపిస్తే చూపు పోయే ప్రమాదం, గుండె ఆగే ప్రమాదం. మలావీ దేశపు పిల్లల్లో ఈ విషయాన్ని కొలిచి 1991లో ప్రచురించిన పత్రంలో మొదటి పేరు షరీఫ్ మహ్‌సూఫీ మన్సూర్, తరువాత పినాంగ్‌లోని సైన్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. జబ్బు తగ్గుతున్నకొద్దీ ఆ ప్రోటీన్ కూడా తగ్గుతుంది. వారం కిందటి అంకెకీ ఇవాళ్టి అంకెకీ అర్థం ఒకటి కాదు.

అమ్మానాన్నల రిపోర్టులు

మనలో చాలామందికి మలేరియా రాదు, రాకూడదనే కోరుకుంటాను. కానీ ఆరు నెలలకొకసారి అమ్మానాన్నలు మందుల సంచీతో విమానం దిగుతారు. వాళ్ళ రిపోర్టుల దగ్గర ఇదే లెక్క రెండు చోట్ల పనికొచ్చింది నాకు తెలిసినంతలో.

మొదటిది ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్. 90 శాతం దాకా అల్బుమిన్‌ను పట్టుకుని ఉంటుంది. మామూలుగా రిపోర్టులో వచ్చేది మొత్తం అంకె, 10 నుంచి 20 మధ్య ఉంటే మంచిదంటారు. పెద్దతనంలో, సరిగ్గా తినకపోవడం వల్లనో, కాలేయం, మూత్రపిండాల జబ్బుల వల్లనో అల్బుమిన్ పడిపోతే బస్సుల్లో సీట్లు తగ్గుతాయి. డాక్టర్లు వాడే ఒక సవరింపు సూత్రం ఉంది: వచ్చిన అంకెను (0.2 × అల్బుమిన్ + 0.1)తో భాగించాలి, అల్బుమిన్ డెసిలీటరుకి గ్రాముల్లో. రిపోర్టులో ఫెనిటాయిన్ 12, అల్బుమిన్ 2 ఉందనుకోండి. 12ని 0.5తో భాగిస్తే 24! రిపోర్టులో పక్కన ఏ ఎర్ర గుర్తూ ఉండదు, పెద్దాయన మాత్రం తూలుతూ, మత్తుగా ఉంటారు. అందరూ వయసు మీద తోసేస్తారు. ఇది ఉజ్జాయింపు సూత్రమే, మూత్రపిండాలు చెడినవాళ్ళలో ఇది కూడా సరిపోదు. స్వేచ్ఛగా ఉన్న ఫెనిటాయిన్‌ను విడిగా కొలిచే పరీక్ష కొన్ని చోట్ల దొరుకుతుంది. మీరు లెక్కలు కట్టి డోసు తగ్గించకండి, "అల్బుమిన్ కూడా చూశారా డాక్టరుగారూ?" అని అడగండి చాలు.

రెండోది కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు వాడే టాక్రోలిమస్. ఇది ఎర్రకణాల లోపల ఉండే ఒక ప్రోటీన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. మొత్తం రక్తంలో గాఢత ప్లాస్మాలో కన్నా సగటున 35 రెట్లు, మనిషిని బట్టి 12 నుంచి 67 రెట్ల దాకా. అందుకే దీన్ని సీరంలో కాకుండా, గడ్డ కట్టని గొట్టంలో తీసిన మొత్తం రక్తంలో, పొద్దుటి మాత్ర వేసుకోకముందు కొలుస్తారు. రక్తహీనత వచ్చి ఎర్రకణాలు తగ్గితే మొత్తం అంకె తగ్గినట్టు కనిపించవచ్చు, స్వేచ్ఛగా ఉన్నది తగ్గకపోయినా సరే. హీమోగ్లోబిన్ రిపోర్టు కూడా అదే ఫైలులో పెట్టి తీసుకెళ్ళడం మంచిది.

నా సంగతి: మూడో రోజుకి రక్తంలో పరాన్నజీవులు లేవు, వారానికి ప్లేట్‌లెట్లు రెండు లక్షలు దాటాయి. చట్టం ప్రకారం నా కేసు ఆరోగ్యశాఖకి వెళ్ళింది. వాళ్ళు ఫోన్ చేసి ఎక్కడ గుడారం వేశామో అడిగి, మిగతా ఐదుగురి రక్తం కూడా తీశారు. అందరికీ నెగటివ్. 28వ రోజు నాది మళ్ళీ చూశారు, శుభ్రంగా ఉంది. అడవికి వెళ్ళొచ్చిన నెల రోజుల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా, డాక్టరు అడగకపోయినా, "అడవికి వెళ్ళాను" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. నేను ఆ ఒక్క మాట రెండు రోజులు ఆలస్యంగా చెప్పాను.

పాఠకుల్లో డాక్టర్లు, ఫార్మసీ వాళ్ళు చాలామంది ఉన్నారని తెలుసు. పొరపాట్లుంటే మొహమాటపడకుండా రాయగలరు. ముఖ్యంగా నెయ్యి విషయంలో, అమ్మ జవాబు కోసం ఎదురుచూస్తోంది.